ముందు మీ బ్యాచ్ చెప్పండి

మా కాలేజీ పూర్వ విద్యార్థుల సంఘం నెలకోసారి ఆన్‌లైన్‌లో ఉచితంగా ప్రసంగం పెడుతుంది. పోస్టర్ మీద ‘అందరికీ ఆహ్వానం’ అని రాస్తారు. ఆ మాట నమ్మి, తార్నాకలో మా కింది వాటాలో ఉండే ఆవిడకు లింకు పంపాను. ఆవిడ కర్రీ పాయింట్ నడుపుతుంది. సుగరుంది, మోకాళ్ల నొప్పులున్నాయి, నోరు నాకంటే పెద్దది. ఆ నెల మాట్లాడేది మోకాళ్ల డాక్టరు. డాక్టర్ని ఏమడగాలో రెండు రోజుల ముందు నుంచే నా మీద రిహార్సల్ వేసింది.

మా సంఘంలో ఒక ఆచారం ఉంది. ప్రశ్న అడిగే ముందు ఎవరైనా సరే తమ బ్యాచ్, డిపార్ట్‌మెంట్ చెప్పుకోవాలి. చెప్పగానే అవతల ఎవరో ‘అరే, మా జూనియర్’ అంటారు. ఇక హాస్టల్ మెస్‌లో పప్పు ఎంత పల్చగా ఉండేదో మొదలవుతుంది. ఆ రోజూ అదే జరిగింది. ఇద్దరు పెద్దమనుషులు పప్పు ముచ్చట ముగించేదాకా డాక్టరు నవ్వుముఖంతో కూర్చున్నాడు.

తర్వాత మా కింది వాటా ఆవిడ చెయ్యెత్తింది. మీటింగ్ నడిపే కార్యదర్శి “అమ్మా, ముందు మీ బ్యాచ్ చెప్పండి” అన్నాడు. ఆవిడ వైపు నుంచి కుక్కర్ విజిల్ వినబడింది. ఆపైన ఆవిడ గడి తెర మీద నుంచి మాయమైపోయింది.

నేను కిందికి దిగేసరికి వంకాయలు తరుగుతోంది. “కాలేజీల సదివినోళ్ల మీటింగని ముందుగాల్నే చెప్పొద్దా అక్కా” అంది, నవ్వుతూనే. తిట్టినా బాగుండేది, ఎదురు తిట్టేదాన్ని.

మరుసటి నెల ప్రసంగం నాదే. బయోకెమిస్ట్రీ చదివి, రక్తపరీక్షల ల్యాబులోనే జుట్టు నెరిపించుకున్నదాన్ని కనుక, రిపోర్టు ఎలా చదవాలో చెప్పమన్నారు. క్యాంపస్‌లో సంఘం గదికి వెళ్లి ఒకే ఒక్క షరతు పెట్టాను: నా ప్రసంగంలో ఎవరినీ బ్యాచ్ అడగకూడదు.

అధ్యక్షుడు రిటైరైన ప్రొఫెసర్, గొంతు పెంచడం తెలియని మనిషి. అది ఏళ్ల నాటి సంప్రదాయమన్నారు. ఎవరు మాట్లాడుతున్నారో తెలియాలి కదా అన్నారు. బయటివాళ్లు వచ్చి అల్లరి చేస్తే ఎవరిది బాధ్యత అన్నారు. పోయిన నెల పప్పు ముచ్చటతో అల్లరి చేసిన ఇద్దరూ బ్యాచ్ చెప్పే చేశారని గుర్తు చేశాను. పోనీ, బయటివాళ్లు ప్రశ్నలు ముందే టైపు చేసి పంపితే తాము చదివి వినిపిస్తామన్నారు. లాలాపేట్ నుంచో గోల్నాక నుంచో ఓ మనిషి తన ఒంటి సంగతి తన నోటితో అడగడానికి మధ్యలో దుబాసీ ఎందుకన్నాను.

“చూడమ్మా, ఇంత చిన్న విషయానికి ప్రసంగం మానుకుంటావా?”

“చిన్న విషయమే కదా సార్. మీరే మానుకోండి.”

ఆయన కళ్లజోడు తుడుచుకున్నారు. నా పేరుతో పోస్టర్ అప్పటికే అన్ని గ్రూపుల్లోకీ వెళ్లిపోయింది. “ఈ ఒక్కసారికి” అన్నారు.

కింది వాటా ఆవిడను మళ్లీ ఒప్పించడం అంతకంటే కష్టమైంది. మీ సార్లకు నేనంటే ఇష్టం లేదంది. బేరాలున్నాయంది. చివరికి వింటా గానీ అడగనంది.

ప్రసంగం నాటి ఆదివారం కాలేజీలో మా పాత డిపార్ట్‌మెంట్ గదిలో ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాను. పక్కన కార్యదర్శి. రిపోర్టులో హద్దు దాటిన అంకె పక్కన నక్షత్రం గుర్తు పడగానే చావు కబురు విన్నట్టు ఏడవొద్దని, అన్నీ నార్మల్ అని ఉన్నా సంబరపడిపోవద్దని చెప్పాను. ప్రశ్నలు అడగమన్నాను. మొదట లేచిన చెయ్యి ఆవిడదే.

కార్యదర్శి చెడ్డవాడేం కాదు. ఏళ్ల అలవాటు నాలుకకు అతుక్కుపోయింది, అంతే. “నమస్తే అమ్మా, ముందు మీ బ్యాచ్...” అనేశాడు. అని నా వైపు చూశాడు. నేను అతని మీద విరుచుకుపడబోయేలోపే ల్యాప్‌టాప్‌లోంచి గొంతు వచ్చింది.

“నాకు బ్యాచ్ లేదు సార్. సుగర్ ఉన్నది. అడగొచ్చా?”

కార్యదర్శి “అడగండమ్మా” అన్నాడు, చాలా చిన్నగా.

పరగడుపున చేసిన పరీక్ష మంచిగనే వచ్చిందట, మూడు నెలల సగటు చెప్పే పరీక్షలో ఎక్కువొచ్చిందట. ఏ కాయితం అబద్ధమాడుతున్నదని అడిగింది. ఆవిడ యాసలోనే చెప్పాను.

“రెండూ నిజమే చెప్తయి. పరీక్షకు ముందు రాత్రి నువ్వు కడుపు మాడ్చుకున్న ముచ్చట ఒకటి చెప్తది. మూడు నెలల సంది రుచి చూస్తున్న అని తిన్న కూరలు, మిఠాయిల ముచ్చట ఇంకోటి చెప్తది. మందుల సంగతి మాత్రం డాక్టర్నే అడుగు.”

“నా ఇజ్జత్ అంతా తీసినవ్ గదా అక్కా” అంది. తెర నిండా నవ్వులు. ఆ తర్వాత నల్లకుంట నుంచి ఒకాయన “నాకూ బ్యాచ్ లేదండీ, థైరాయిడ్ ఉంది” అంటూ మొదలుపెట్టాడు. చేతుల మీద చేతులు లేచాయి. వాళ్లలో మా పూర్వ విద్యార్థులు ఎందరో నాకు తెలియదు. తెలియాల్సిన అవసరమూ కనబడలేదు.

అధ్యక్షుడు ఫోన్ చేసి బాగా జరిగిందన్నారు. అయినా సంప్రదాయం సంప్రదాయమేనట. వచ్చే నెల నుంచి మళ్లీ మామూలేనట. నన్ను ఇంకోసారి మాట్లాడమని మాత్రం అడగలేదు. పిలవకపోతే పీడా పోయింది. లింకు అందరికీ తెరిచే ఉంది కదా, వినడానికి నాకు ఎవరి పిలుపూ అక్కర్లేదు.

కొత్త పోస్టర్ మొన్న వచ్చింది. అడుగున చిన్న అక్షరాలతో, ప్రశ్నకు ముందు బ్యాచ్ చెప్పాలన్న నిబంధన ఉంది. దాన్ని మా గల్లీ వాట్సాప్ గ్రూపులో పెట్టి, పైన నా పేరుతోనే రాశాను: ‘బ్యాచ్ అడిగితే లేదని చెప్పండి. చెప్పి, ప్రశ్న అడగండి.’