రెప్ప పడనివ్వని కొలువు

మొన్న చూపు కాస్త మసకబారినట్టు అనిపించి కంటి ఆసుపత్రికి పోతే, మా మనవరాలి ఈడున్న ఒక పిల్ల నన్ను ఓ యంత్రం ముందు కూర్చోబెట్టి గడ్డం ఇక్కడ ఆనించమంది, ఆనించానో లేదో తళుక్కున ఒక మెరుపు మెరిసింది, అయిపోయింది లేవమంది. కంటి లోపలి ఫోటో అట. పక్కనున్న టీవీ లాంటి తెర మీద నా కన్ను నారింజపండులా వెలుగుతోంది. నాకు నవ్వూ వచ్చింది, లోలోపల కొంచెం ఉడుకూ వచ్చింది. ఒక్కొక్క కంటి ఫోటో కోసం ఒక పులినీ, ఒక బస్సునూ, ఒక బొగ్గుబాయినీ ఖర్చుపెట్టిన మనిషిని నేను.

హైదరాబాదు రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన ఆ తొలి ఏండ్లలో, మన ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఫోటో అంటే ఇంటిల్లిపాదీ ఉతికిన బట్టలు కట్టుకుని, ఊపిరి బిగబట్టి, ఎవరో కొట్టడానికి వస్తున్నట్టు నిలబడేవాళ్లం. నేను కరీంనగర్‌లో ఒక స్టూడియోలో నల్లగుడ్డ కింద తల దూర్చి బతికేవాణ్ని. మా అక్క మొగుడు, అంటే మా బావ, అదే ఊళ్లో కంటి డాక్టరు. ఆయన శుక్లం తీసిన ఒక పెద్దమనిషి తాలూకు బంధువులు, కత్తి పెట్టకముందు మావాడు పగటిపూట కూడా చుక్కలు చూసేవాడని, కత్తి వల్లే చూపు పోయిందని పంచాయితీ పెట్టారట. ఆనాటి నుంచి బావ ముందు ఫోటో తీయించనిదే ఏ కంటి మీదా కత్తి పెట్టనని ఒట్టు పెట్టుకున్నాడు. ఆ ఫోటో తీసే కొలువు, బామ్మర్దిని కనుక, నా మెడకు పడింది.

కంటి ఫోటో తీయడం పెండ్లి ఫోటో తీసినట్టు కాదు. కెమెరాను మొహం దగ్గరికి జరపాలి, అద్దంతో ఎండను కంటి మీదికి మళ్లించాలి, ఫోటో పడేందుకు చేతిలోని రబ్బరు బుడ్డి నొక్కినంత సేపూ ఆ కన్ను కదలకూడదు, రెప్ప పడకూడదు. రెప్ప వెయ్యకు అన్నామా, అంతవరకూ మరిచిపోయి ఉన్న రెప్పలన్నీ అప్పుడే గుర్తొచ్చి టపటపా కొట్టుకునేవి. బావ బతిమాలాడు, కసిరాడు, లాభం లేకపోయింది. చివరికి నాకు పుట్టుకతో వచ్చిన విద్యే అక్కరకొచ్చింది. మనిషి నోరు తెరిచి వినే కోత ఒకటి వదిలితే కళ్లు వాటంతటవే చేటలవుతాయి, నేను బుడ్డి నొక్కేస్తాను.

నస్పూర్ నుంచి వచ్చిన బొగ్గుబాయి కార్మికులకు పులి కత చెప్పేవాణ్ని. జైనూర్ గుట్టల్లో మా బస్సు దీపాలు ఆరిపోతే ఒక పులి వచ్చి ముందు కూర్చుందనీ, దాని కళ్ల వెలుగులోనే డ్రైవరు ఘాట్ రోడ్డు దిగాడనీ. జైనూర్ గుట్టల నుంచి వచ్చినవాళ్లకు బొగ్గుబాయి కత. ఎంత లోతుకు తవ్వారంటే, కింద ఎవరి దేశానివో కోళ్లు కూసినట్టు వినబడి పని ఆపేశారని. ఎవరికి తెలియనిది వాళ్లకు చెప్పడంలోనే ఉంది అసలు కిటుకు. తిరుగులేకుండా సాగింది, వేములవాడలో ఆ అవ్వ తగిలేదాకా.

అక్కడి రాజన్న గుడి సత్రంలో బావ కొన్నాళ్లు మకాం పెట్టి ఆపరేషన్లు చేసేవాడు. ఒకసారి మకాం ఆఖరి సాయంత్రం, సిరిసిల్ల దిక్కు నుంచి ఒక సాలోళ్ల అవ్వ కోడలి చెయ్యి పట్టుకుని వచ్చింది. రెండు కళ్లలోనూ తెల్లటి పొరలు. మగ్గం మీద తెగిన పోగు అతకడంలో వాళ్ల వీధిలో ఆమె తర్వాతే ఎవరైనా, ఇప్పుడు మూలన కూర్చుని చప్పుడు వినడమే మిగిలిందని కోడలు కళ్లొత్తుకుంది. మర్నాడు పొద్దున ఒక్క ఆపరేషనుకే వేళ ఉంది, ఆ తర్వాత బావ మళ్లీ వచ్చేది చలికాలానికే. ఎండ చూస్తే దిగిపోతోంది.

పులిని వదిలాను. అవ్వ రెప్పలు ఎప్పట్లాగే కొట్టుకుంటున్నాయి.

“గా పులికి కండక్టరు టికెట్ కొట్టిండా బిడ్డా?”

కోళ్లను వదిలాను.

“కూసినయి సరే, గుడ్లేమన్న తెచ్చినరా?”

కోడలు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. బావ గోడ మీద జారిపోతున్న ఎండను చూసి, “ఏందిరా, నీ సరుకు గింతేనా?” అన్నాడు. ఈ ఒక్కసారికి ఫోటో వద్దులే బావా అని మెల్లగా అడిగితే, ఈసారి పంచాయితీకి నువ్వు పోతవా అన్నాడు.

“ఫికర్ జెయ్యకు బిడ్డా,” అంది అవ్వ. “నేను జెప్త, నువ్వు ఇను. ఓపారి మా ఇంటి ముంగట పడుగు పోగులు సాపి గంజి వెట్టినం. రాజన్న మొక్కు కోడె ఒకటి అచ్చి, గంజి వాసనకు పడుగంత మింగింది. మా ఇంటాయన పరేషాన్ గాలే. అది నెమరేస్తుంటె నోట్లకెళ్లి పోగు కొస ఎళ్లింది, గా కొస తెచ్చి మగ్గానికి కట్టిండు. అది నెమరేసుడు, ఈన నేసుడు. పొద్దుగూకెటాల్లకు చీర దిగింది. పచ్చగడ్డి సుత మేసింది గదా, అంచు పచ్చగ వడ్డది.”

“అటెనుక?” అన్నాను, బుడ్డి సంగతే మరిచిపోయి.

“అటెనుకేంది? గది కట్టుకుంటె సోమారం సోమారం కాళ్లు నన్ను అడుగకుంటనే రాజన్న దిక్కు నడుస్తయి. ఇయ్యాల సుత గట్లనే అచ్చిన, సూడు!”

చూశాను. అవ్వ కట్టిన చీర అంచు పచ్చగానే ఉంది! నేను నోరు తెరుచుకుని అంచునే చూస్తున్నాను, అవ్వ తన కతకు తానే మురిసి కళ్లు ఇంతలేసి చేసుకుని కూర్చుంది, బావ నా చేతిలోంచి బుడ్డి లాక్కుని నొక్కేశాడు.

కొన్నాళ్లకు అవ్వ సోడాబుడ్డి కళ్లద్దాలతో కరీంనగర్ వచ్చింది. నా గొంతు గుర్తుపట్టి, నన్ను కింది నుంచి పై దాకా చూసి, “గీ పోరడా గన్ని కోతలు గోసింది? బుర్రమీసాలోడనుకున్న!” అంది. అంతలోనే నా చొక్కా కాలరు పట్టి దగ్గరికి లాక్కుని, నాకే కనబడని ఒక తెగిన పోగును వేళ్లతో పట్టుకుని, “గిది నేసినోనికి పోగు అతుకుడు రాదు,” అని తీర్పు చెప్పింది. బావ గట్టిగా నవ్వుతూనే అటు తిరిగి కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

మొన్నటి ఆసుపత్రి పిల్లకు ఈ కత చెబుదామని నోరు తెరిచాను. మంచి పిల్లే, నవ్వింది కూడా, కానీ ఆ సరికి నా వెనకాయన గడ్డం యంత్రం మీద ఆనించేశాడు. ఇప్పుడు రెప్పపాటు కూడా పట్టని పనికి కోతలతో పనేముంది! అవ్వ ఫోటో ఇంకా నా పెట్టెలో ఉంది, ఇంటికొచ్చి తీసి చూశాను. ఆ కంటికి అప్పటికి చూపు లేదు, కానీ దారం నెమరేస్తున్న కోడె అందులో నిక్షేపంగా ఉంది. నా కన్ను లోపల అంతా శుభ్రంగా ఉందట, డాక్టరు చెప్పాడు. తెర మీద నేనూ చూశాను, కోడె మాత్రం ఎక్కడా కనబడలేదు.