లీటరు నీళ్లకు ఒక ప్యాకెట్

ఆ రోజు పొద్దున మా పాప పళ్లెం వాయించలేదు. రోజూ ఆ మోతకే నాకు మెలకువ వచ్చేది. అప్పటికి దానికి ఏడాదిన్నర. మంచంలో పడుకుని ఊరికే నా వైపు చూస్తోంది. ఎత్తుకుంటే వెనకంతా తడి, నీళ్లలాంటి మోషన్. పళ్లు వస్తున్నాయేమో అనుకున్నాను. మధ్యాహ్నానికి వాంతులు కూడా మొదలయ్యాయి.

మాది కోడుమూరు దగ్గర పల్లె. ఉల్లి వేస్తాం. తాగించినకొద్దీ పోతుంది, నీళ్లు ఆపేయమంది మా అత్త. నేను వినలేదు, రొమ్ము ఇస్తూనే ఉన్నాను. సాయంత్రం ఆశా వర్కర్ వచ్చి ఓఆర్ఎస్ ప్యాకెట్లు, జింక్ మాత్రలు మా ఆయన చేతిలో పెట్టి, ఒక్కో ప్యాకెట్ లీటరు నీళ్లలో కలపమని చెప్పి వెళ్లింది. నేను పెరట్లో పాప గుడ్డలు ఉతుకుతున్నాను.

మా ఆయనకు బిడ్డంటే ప్రాణం. ఆ ప్రేమే కొంప ముంచింది. ఉల్లికి తామర పురుగు పట్టి మందుకు చావకపోతే, మా వైపు స్ప్రేయర్ ట్యాంకులో ఒక మూత పోయాల్సిన చోట రెండు మూతలు పోస్తారు. అదే అలవాటు. అన్ని నీళ్లలో కలిపితే మందు ఏం పని చేస్తుందిలే అని, ప్యాకెట్ మొత్తం ఒక్క గ్లాసులో కలిపి తాగించాడు. పాప దాహమని ఏడిస్తే ఇంకొకటి అలాగే కలిపాడు. ఖాళీ గ్లాసు చూసి, హమ్మయ్య, తాగింది కదా అని నేను సంబరపడ్డాను.

మర్నాటికి కళ్లు లోపలికి పోయాయి, ఉచ్చ ఆగిపోయింది. ముట్టుకుంటే కీచుమని ఏడుస్తోంది. ఉన్నట్టుండి ఒళ్లంతా బిగుసుకుని కొట్టుకుంది. ఆటోలో కర్నూలు దాకా దాన్ని పేరు పెట్టి పిలుస్తూనే ఉన్నాను. పలకలేదు.

డాక్టరమ్మ బ్లడ్ రిపోర్టు చూసి, "డీహైడ్రేషన్ సరే, సోడియం ఎందుకింత ఎక్కువుంది? ఓఆర్ఎస్ ఎన్ని నీళ్లలో కలిపారు?" అని అడిగింది. మా ఆయన గ్లాసు ఎత్తు చేత్తో చూపించాడు. ఆమె అరవలేదు. ఆ ఫిట్స్ ఒంట్లో పెరిగిన ఉప్పు వల్లేనని, దాన్ని మెల్లగా దించాలని, తొందరపడితే మెదడు వాస్తుందని చెప్పింది. బతుకుతుందా అంటే, ఇప్పుడే ఏమీ చెప్పలేనంది.

బిడ్డ పెదాలు ఎండి పగిలిపోతుంటే, సెలైన్ చుక్కలు చుక్కలుగా దిగడం చూస్తూ కూర్చోవాలి. పగవాళ్లకు కూడా వద్దు ఆ బాధ. అంతలో మళ్లీ ఫిట్స్ వచ్చాయి. నాకు ఒళ్లు తెలియలేదు. వరండాలోకి పోయి మా ఆయన చొక్కా పట్టుకున్నాను.

"నా బిడ్డేమన్నా పురుగా, డోసు పెంచేకి?"

ఆయన నా చేతులు విడిపించుకోలేదు. "సచ్చిపోతాదా?" అని అడిగాడు. చొక్కా వదిలేసి లోపలికి పరుగెత్తాను.

ఫిట్స్ ఆగాక కూడా పాప కళ్లు తెరవలేదు. దేవుళ్లందరికీ మొక్కాను, అందరినీ తిట్టాను. చివరికి ఎప్పుడో నా ఒడి వెచ్చగా తడిసింది. మళ్లీ మోషనేమోనని హడలిపోయాను. నర్సమ్మ గుడ్డ ఎత్తి చూసి, "ఉచ్చ పోసిందమ్మా. శానా మంచిది, భయపడాకు" అంది. నాకు చీర మార్చుకోబుద్ధి కాలేదు. ఆ తడిలోనే కూర్చుని ఏడ్చాను.

ఇప్పుడు పళ్లెం మోత మళ్లీ మొదలైంది. మా అత్త చెవులు మూసుకుంటుంది. ఆస్పత్రి వరండాలో మా ఆయన్ను అన్న మాట నేను మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు. అయినా పాప "నీళ్లు" అంటే చాలు, మా ఆయన తినే కంచం ముందు నుంచి లేచిపోతాడు.

బిడ్డకు లూజ్ మోషన్స్ అయితే పాలు, నీళ్లు ఆపకండి. కళ్లు లోపలికి పోయినా, ఉచ్చ ఆగినా ఆస్పత్రికి పరుగెత్తండి. ఓఆర్ఎస్ మాత్రం ప్యాకెట్ మీద ఎన్ని నీళ్లని ఉంటే అన్ని నీళ్లలోనే కలపండి. మాకిచ్చింది లీటరుది. ముందు నీళ్లు కొలిచి పెట్టుకోండి, ఆ తర్వాతే ప్యాకెట్ చించండి.