చరోదా ఇంజను కూయలేదు

ముప్పై ఏళ్లుగా ఒక తెరను మోస్తున్నాను. బరువులో అది బ్లాస్ట్ ఫర్నేస్‌కేమీ తీసిపోదు. ఎవరితోనూ అననంటేనే మీకు చెబుతాను. అనరు కదా?

మా ఉక్కు ప్లాంటు టౌన్‌షిప్‌లో, సెక్టర్ 2 తెలుగు నాటకశాలలో ఒక ఆచారం ఉండేది. ప్లాంటు నైట్ షిఫ్ట్ సైరన్ మోగగానే, కథ ఎక్కడున్నా సరే, కాసేపు తెర దించేవారు. డ్యూటీకి వెళ్లేవాళ్లు నటుల ముఖం మీదే లేచిపోకూడదని. తెర తాడు క్యాంప్ 1 బస్తీలో ఉండే అప్పన్న చేతిలో ఉండేది. సైరన్ మోగకముందే ఆయన చెవులు నిక్కబొడుచుకుంటాయని ఊరంతా చాటింది నేనే.

ఒక ఏడాది నాటకోత్సవాల ప్రారంభ నాటకంలో నాది హాస్య పాత్ర. నా జోకులకు సీలింగ్ ఫ్యాన్లు కూడా నవ్వలేదు. హీరో సూరిబాబు చచ్చిపోతుంటే మాత్రం హాలంతా కన్నీటి వరద. ముందు వరుస ఆఫీసర్లు అందులో కొట్టుకుపోయారు. నాకు కలిగింది అసూయేనా? అసూయే.

తెర పక్కన నిలబడి అప్పన్న చెవిలో అన్నాను.

"సైరన్ ఊదింది. దించు!"

"నాకినపడనేదు బావూ. నిజమేనేటి?"

"చెవుల్లో తారు పోసుకున్నావేటి భయ్యా? దించెహే!"

దించాడు. సూరిబాబు సగం చచ్చి ఆగిపోయాడు. అసలు సైరన్ ఆ తర్వాతెప్పుడో మోగింది. కమిటీవాళ్లు అప్పన్నను నిలదీస్తే, ఆయన నోరు తెరిచేలోపే నేనందుకున్నాను: "చరోదా రైల్వే యార్డులో ఇంజను కూస్తే సైరన్ అనుకున్నాడు పాపం!" అందరూ పగలబడి నవ్వారు. ఆ రోజు నాకు దక్కిన నవ్వు అదొక్కటే. అప్పన్న పేరు 'చరోదా' అయిపోయింది. తాడు వేరేవాళ్ల చేతికిచ్చారు. ఆయన మళ్లీ ఆ గడప తొక్కలేదు.

మరి ఆయన నా పేరెందుకు చెప్పలేదు? అదే నన్ను తినేస్తోంది. తన చెవులనే అనుమానించాడా? నన్నా? బజారులో కనిపిస్తే "బాగున్నారా బావూ" అంటాడు. ఆ మాటలో ఏం దాచాడోనని, ఇంటికొచ్చి దాన్ని వాచీ రిపేరువాడిలా ఒక్కో మరా విప్పి చూస్తాను. ఈమధ్య కమిటీ నాటకశాల చరిత్ర రాయమంది. "ఆ చరోదా జోకు మరిచిపోకండి" అని సెక్రటరీ కన్ను గీటాడు. ఎందుకు గీటాడు? కంట్లో దుమ్ము పడిందా? తెలిసిపోయిందా?

మొదటి పేజీలోనే రాసేశాను. అప్పుడు సైరన్ మోగలేదు. చరోదాలో ఏ ఇంజనూ కూయలేదు. అప్పన్న చెవులకు ఏ లోపమూ లేదు. అబద్ధమాడింది నేను. అచ్చు వేస్తారో, చించేస్తారో. ఆయన క్షమిస్తాడనుకోను, అడిగే ముఖమూ లేదు. అయితే, పుట్టి బుద్ధెరిగాక ఒక సంగతిని ఉన్నదున్నట్టు, గోరంత కూడా పెంచకుండా చెప్పడం నాకిదే మొదలు. ఊపిరి కాస్త ఆడుతోంది.