పక్కనే బాబాయి

మా బాబాయికి 'దూరం' అనే మాట రాదు. ఇళ్ళ బ్రోకర్‌గా తల నెరిసిపోయినా, ఆ మాట ఆయన నోట ఎవరూ వినలేదు. ఆయన చూపించే ప్రతి ఇంటికీ స్టేషన్ పక్కనే, బడి పక్కనే, ఆసుపత్రి పక్కనే. ఆఫీసు పక్కనే అంటూ ఆయన ఇప్పించిన గదిలో చేరాక నాకు చెప్పుల ఖర్చు పెరిగింది. అదేమిటని అడిగితే, "నడక ఒంటికి మంచిదిరా," అన్నాడు. ఊళ్ళో ఆయన్ని అందరూ పక్కనే బాబాయి అంటారు. ఆయనకది బిరుదులా వినిపిస్తుంది.

ఆ చలికాలం పిన్ని వాళ్ళ అక్క, అంటే నాకు పెద్దమ్మ, నర్సు ఉద్యోగం నుంచి రిటైరై వేరే ఊరి నుంచి వచ్చింది. ఆవిడ కూతురు బాబాయి వాళ్ళ పక్కింట్లోనే అద్దెకుంటోంది. దానికి నెలలు నిండుతున్నాయి.

"ఎంతమందికో పురుళ్ళు పోశాను. దీని మొదటి కాన్పప్పుడు మాత్రం సెలవు దొరక్క డ్యూటీలో ఉండిపోయాను. ఈసారి పిలిస్తే పలికేంత దగ్గర్లో ఉండాలి," అంది పెద్దమ్మ. కూతురి ఇంట్లో ఇంకో మంచం వేస్తే తలుపు తెరుచుకోదు. ఆవిడకు కావలసిందల్లా ఆ దగ్గర్లో ఒక చిన్న గది.

"బంగారం లాంటి ఫ్లాటుంది వదినగారూ. అమ్మాయి ఇంటి పక్కనే," అన్నాడు బాబాయి.

చూపించమంటే మాత్రం రోజుకో సాకు. ఒకరోజు తాళంచెవి లేదన్నాడు, ఒకరోజు ఓనరు ఊళ్ళో లేడన్నాడు. చివరికి ఆదివారం మధ్యాహ్నం, "కొండెక్కుదాం పదండి. పైనుంచి చూస్తే రెండిళ్ళూ ఒకేసారి కనిపిస్తాయి," అన్నాడు. రోడ్డు మీద వెళ్తే ఆ ఫ్లాటుకు రెండు బస్సులు మారాలని నాకు తర్వాత తెలిసింది. కొండ మీద నుంచైతే చూపుడు వేలు చాలు.

నలుగురం బయల్దేరాం. పెద్దమ్మ వార్డులో నడిచినట్టు చకచకా ముందు నడిచింది. బాబాయి మలుపు మలుపుకీ నడుం పట్టుకుని, "వ్యూ పాయింటు పక్కనే," అని రొప్పాడు. పిన్ని కమలాపళ్ళ సంచీ పట్టుకుని అందరి వెనకా వచ్చింది. దారంతా ఆవిడ ఒక్క మాట మాట్లాడలేదు. అది పిన్ని స్వభావం కాదు.

మొదటి వ్యూ పాయింటు దగ్గరికి చేరేసరికి కింద పల్లమంతా పొగమంచు. మేడల పైభాగాలు మాత్రమే తేలుతున్నాయి. బాబాయికి ప్రాణం లేచొచ్చింది.

"అదిగో ఆ ఆకుపచ్చ ట్యాంకు, అమ్మాయి ఇల్లు. ఆ తెల్ల మేడ మన ఫ్లాటు. మధ్యలో ఏముంది వదినగారూ, ఏమీ లేదు."

నిజమే, ఏమీ కనిపించలేదు. పెద్దమ్మ మొహం విచ్చుకుంది. "సరే, రేపే అడ్వాన్సు ఇచ్చేద్దాం," అని, "పైన ఇంకో వ్యూ పాయింటుందని బోర్డు పెట్టారుగా, అదీ చూసి దిగుదాం," అంది.

"అక్కడేం ఉండదండీ. ఇదే వ్యూ," అన్నాడు బాబాయి కంగారుగా.

"పక్కనేగా బాబాయ్," అన్నాను. నన్ను నమిలి మింగేలా చూశాడు.

పైకి వెళ్ళేసరికి గాలి తిరిగింది. పొగమంచు విడిపోయింది. వాలుతున్న ఎండలో, ఆకుపచ్చ ట్యాంకుకీ తెల్ల మేడకీ మధ్య ఈ చివర నుంచి ఆ చివరకు ఒక నది తళతళలాడుతోంది. వంతెన ఎక్కడో ఊరి చివర ఉంది.

"అదేమిటి మరిదిగారూ?"

"వాన నీళ్ళండీ. రెండ్రోజుల్లో ఇంకిపోతాయి."

అప్పుడే ఆ వాన నీళ్ళలో ఒక లాంచీ వెళ్ళింది. బాబాయి నీళ్ళు నమిలాడు.

అక్కడ నాణెం వేసి చూసే టెలిస్కోపు ఒకటుంటే, పెద్దమ్మ నాణెం వేసి కన్ను పెట్టింది. నది వెంట తిప్పింది, వంతెన దాకా తిప్పింది, మళ్ళీ వెనక్కి తిప్పి కూతురి ఇంటి మీద నిలిపింది. ఫ్లాటు ఎలాగూ పోయింది, కనీసం కూతురి గుమ్మమైనా చూసుకుందామనుకుంది కాబోలు. నాకు జాలేసింది. అంతలో టెలిస్కోపు కాస్త పక్కకు జరిగి ఆగిపోయింది. ఆవిడ కూడబలుక్కుంటూ చదివింది.

"గది... అద్దెకు... కలదు. అన్నీ... పక్కనే."

అది బాబాయి మేడ. పైగది వారం కిందటే ఖాళీ అయింది. చుట్టాలను పెట్టుకుంటే అద్దె గట్టిగా అడగలేం, కమిషన్ అసలే రాదని ఆయన లెక్క. అందుకే ఇంట్లో ఎవరూ ఆ ఊసెత్తకూడదన్నాడు. సందులోకి బోర్డు పెడితే వదినగారి కంట పడుతుందని, తలకాయంత అక్షరాలతో రాయించి, వెనక పెద్దరోడ్డు వైపు కట్టాడు. కొండ కూడా అటువైపే ఉందన్న సంగతి ఆయనకు తట్టలేదు.

పెద్దమ్మ టెలిస్కోపు వదిలి ఆయన వైపు తిరిగింది. "మీ పైగది ఖాళీయా?"

"అబ్బే, అది మీకు పనికిరాదు వదినగారూ," అన్నాడు బాబాయి. "మెట్లు నిటారు. పైగా, అమ్మాయి ఇంటికి కాస్త... దూరం."

ఆ మాట విని నేను నోరెళ్ళబెట్టాను. ఆయన కూడా తన నోటి నుంచే వచ్చిందా అన్నట్టు చుట్టూ చూశాడు.

పిన్ని కమలాపళ్ళ సంచీలో చెయ్యి పెట్టి, అడుగు నుంచి ఒక తాళంచెవి తీసింది. కొండ కింద నుంచీ దాన్ని మోసుకొచ్చిందన్నమాట. అక్క అరచేతిలో పెట్టి వేళ్ళు మూసింది.

"దూరమేం కాదక్కా," అంది. "పక్కనే."