ప్రసాదం బరువు

మా బావ పోయిన సంగతి నాకు నాలుగు రోజులు ఆలస్యంగా తెలిసింది. టైఫాయిడ్ జ్వరంతో మంచంలో ఉండి కూడా ఆయన మా అక్కతో, "నేను పోతే నీ తమ్మునికి టెలిగ్రాం ఇయ్యొద్దు, బెదిరిపోతాడు, కార్డు రాయి చాలు" అన్నాడట. ఆ కార్డు తిరుపతి నుంచి చిత్తూరుకు తీరిగ్గా వచ్చింది. కడసారి చూపు కూడా దక్కనివ్వని మనిషి కోసం ఏడవాలో, ఆయన మీద కోప్పడాలో తెలియలేదు. కోపమే ముందొచ్చింది. ఆయనతో నాకెప్పుడూ అంతే.

ఎవరేమడిగినా కాదనలేకపోవడం ఆయనకు పుట్టుకతో వచ్చిన జబ్బు. సైకిలు అడిగినవాడికి సైకిలిచ్చేసి ఆరు మైళ్లు నడిచి వచ్చేవాడు. ఒక పెళ్లిలో ఎవరో చెప్పులు పోయాయని వాపోతే, తనవి విడిచిచ్చి వట్టి కాళ్లతో ఇల్లు చేరాడు. మా అక్క అరిస్తే, "పాపం, ఆయప్పకు కాళ్లు కాలతా ఉండాయి" అన్నాడు. ఈయన కాళ్లు మాత్రం కాలవు కాబోలు.

అలాంటి మనిషి రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో విమానం నడిపాడు. నేనక్కడే ఫిట్టర్ని. తిరుపతికి దాపున, రైలు కట్ట పక్కన చదును చేసిన మైదానంలో మాకొక పాతకాలపు యుద్ధవిమానం ఉండేది. ఒకదాని మీద ఒకటిగా రెండు జతల రెక్కలు, ఒక్కడే కూర్చునే చోటు. యుద్ధానికి పనికిరాదని తుపాకులు పీకేసి, సామాన్లు చేరవేయడానికి తిప్పేవారు.

ఒక మే నెలలో దాన్ని మరమ్మతుకు బెంగుళూరు తీసుకుపొమ్మని ఆర్డరు వచ్చింది. వట్టిగా పోవడమెందుకని, తూటాలుండే అరల్లో పాత ఇంజను భాగాలు కుక్కించారు. ట్యాంకు నిండా పెట్రోలు. అన్నీ తూచి, చీటీ రాసి, సంతకం పెట్టవలసింది నేను. పెట్టాను. ఇంకేమాత్రం బరువు పెరిగినా ఈ ఎండకు లేవదని బావకు చెప్పాను. ఊ అన్నాడు.

నేనటు తిరిగానో లేదో జనం మొదలయ్యారు. బెంగుళూరు ఆస్పత్రిలో ఉన్న తమ్ముడికని వంటవాడు లడ్డూల మూట తెచ్చాడు. టెలిఫోను గుమాస్తా మేనత్తకని వడలు. మైదానానికి నీళ్లు చల్లించే కంట్రాక్టరైతే, బెంగుళూరులో తనకెవరూ లేకపోయినా, అక్కడి దొరలకని ఏకంగా గంపే తెచ్చాడు. నేను ఒక్కొక్కరి మీదా అరుస్తున్నాను. బావ మాత్రం రెండు చేతులా అందుకుని, కళ్లకద్దుకుని, సీటు వెనక దూర్చుకుంటున్నాడు. తోక బరువెక్కిపోతుంది, దించెయ్యమన్నాను.

"స్వామి ప్రసాదం కింద పెడతామా? దానికి బరువేందప్పా" అన్నాడు.

పక్కనున్న పై అధికారి కూడా, అంత చదువుకున్నవాడు, నిజమేనన్నట్టు తల ఊపాడు. చీటీలో ప్రసాదమనే మాటే లేదు. తూచాలని ఎవరికీ తోచలేదు. మా ఊళ్లో ప్రసాదాన్ని త్రాసులో వేసినవాడెవడు?

ఇక అసలు మాట చెప్పాలి. అంతమంది మీద అరిచిన నేను, అంతకుముందే, భోజనాల వేళ ఎవరూ లేనప్పుడు, సీటు వెనక అట్టడుగున ఒక ఇత్తడి డబ్బా పెట్టాను. బెంగుళూరులో నిండు నెలలతో ఉన్న మా చెల్లెలికని అమ్మ ఇచ్చిన లడ్డూలు. అన్నిట్లోకీ బరువైంది అదే.

రెండు గంటల ఎండలో విమానం కదిలింది. కొంత దూరం పోగానే తోక లేవాలి, ఆ తర్వాత చక్రాలు. సగం మైదానం అయిపోయినా తోక నేల మీదే ఈడ్చుకుపోతోంది. ఆపమని అరుస్తూ వెనక పరుగెత్తాను. ఆ మోతలో నా అరుపు నాకే వినబడలేదు. ముప్పాతిక దాటాక తోక లేచింది. చక్రాలు ఒకసారి లేచి, నేలకు కొట్టుకుని, మళ్లీ లేచాయి. ఎదురుగా రైలు కట్ట. నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి కట్ట మీది తుమ్మకంప చెల్లాచెదరై ఉంది, విమానం అవతల తాటిచెట్ల ఎత్తు కూడా అందుకోలేక మూలుగుతూ పోతోంది. కట్టకు తగిలి ఒక చక్రం వంకరపోయింది.

బెంగుళూరులో దిగేటప్పుడు ఆ చక్రం విరిగి విమానం ముక్కు మీద పడింది. బావకు నొసలు చిట్లింది, అంతే. ప్రసాదాలన్నీ బయటపడి విచారణ జరిగింది, నన్నూ అక్కడికి పిలిపించారు. నా చీటీ తప్పని తేలితే నాకు జైలే. నేను వరండాలో బెంచీ మీద కూర్చుని అంతా వింటున్నాను. ఫిట్టరు సరిగ్గానే రాశాడని, అతను అవతలికి పోయాక ఇవన్నీ తానే పెట్టుకున్నానని బావ చెప్పాడు. ఇత్తడి డబ్బా మీద మా అమ్మ పేరు చెక్కి ఉంది. అది తన అత్తగారిదని, తానే తెచ్చుకున్నానని అన్నాడు. లేచి లోపలికి పోవడానికి నాకు నాలుగడుగులు. పోలేదు.

నా ఉద్యోగం నిలిచింది. ఈ రోజు చిత్తూరులో నాకొక వర్క్‌షాపు ఉందంటే అది ఆయన చలవే. ఆయన్ను మాత్రం మళ్లీ విమానం ఎక్కనివ్వలేదు. యుద్ధమయ్యాక కొండకు పోయే బస్సుకు డ్రైవరయ్యాడు. క్షమించమని అడగడానికి మూడుసార్లు పోయాను. రెండుసార్లు నోరు తెరవకముందే అన్నం పెట్టించి పంపేశాడు. పోయిన ఏడు మాత్రం విస్తరి ముందు కూర్చోకుండా, ఆ డబ్బా పెట్టింది నేనేనని చెప్పేశాను.

"ఆ పొద్దే, వాళ్లు రాకముందే సూసినాన్లేప్పా. మన డబ్బా లోపల పెట్టుకోని, ఊరోళ్లవి వద్దని యా మొగంతో అనేది?" అన్నాడు. అని, అన్నం చల్లారిపోతోందన్నాడు.

ఇన్నేళ్లూ కాదనలేని మనిషని నేను విసుక్కుంటూ వచ్చాను. ఆ ఒక్క రోజు ఆయన నోరు కట్టేసింది నేను.

మర్నాడు ఆయన బస్సులోనే కొండకు బయలుదేరాను. మలుపు తిరగ్గానే పైన ఎక్కడో విమానం మోత. బావ బస్సు ఒక పక్కకు తీసి ఆపి, కిటికీలోంచి తల బయటపెట్టి, నొసటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తూ ఉండిపోయాడు. వెనక జనం విసుక్కుంటున్నారు. ఆయనకు చెప్పమని ఎవరో నా భుజం తట్టారు. నేను వెనక్కి తిరగలేదు. మోత పూర్తిగా ఆగిపోయాక కూడా ఆయన చెయ్యి నొసటి మీదే ఉంది.