మ్యూజియం గోడ మీద నా ఎర్ర సంతకం

ఏలూరులో ఒక మ్యూజియం గోడ మీద ఇప్పుడు నా సంతకం ఉంది. నవ్వకండి, నిజం. ఎర్ర సిరాతో, తేదీతో సహా ఉంది. మీలో ఎవరైనా అటు వెళ్లి చూసి, ఇంకొకళ్లకి చెప్పి, వాళ్లొచ్చి నన్ను అడిగేలోపు నేనే చెప్పేసుకుంటే పరువు కాస్తయినా మిగులుతుందని అందరికీ ఈ టీ ఇప్పిస్తున్నాను. తాగుతూ వినండి.

కలిదిండి దగ్గర మా హైస్కూల్లో తొమ్మిదో తరగతి పిల్లల్ని మ్యూజియానికి తీసుకెళ్లాల్సింది డ్రాయింగ్ మాస్టారు. సరిగ్గా ముందు రోజు ఆయన బండి మీంచి పడి కాలు బెణికించుకున్నారు. హెడ్మిస్ట్రెస్ గారు స్టాఫ్ రూములోకి వచ్చి చుట్టూ చూశారు. అందరూ పేపర్లు దిద్దుతున్నట్టు తలలు దించేశారు. నేను నిజంగానే పేపర్లు దిద్దుతున్నాను కాబట్టి ఎవరొచ్చారా అని తల ఎత్తాను. దొరికిపోయాను.

"మీరు ఏలూరులోనే ఉంటారు కదండీ, మ్యూజియం మీకు కొట్టిన పిండే కదా" అన్నారావిడ.

ఇరవై ఏళ్లుగా ఏలూరులోనే ఉంటున్నాను. ఆ మ్యూజియం గేటు ముందు నుంచే కూరగాయలకి వెళ్తాను. లోపలికి మాత్రం ఒక్కసారి కూడా వెళ్లలేదు. ఆ ముక్క అప్పుడే చెప్పేసి ఉంటే ఇవాళ మీకు ఈ కథ ఉండేది కాదు.

రాత్రి డ్రాయింగ్ మాస్టారికి ఫోన్ చేశాను. "ఏం చెప్పాలండీ పిల్లలకి? నాకు లెక్కలు తప్ప ఏమీ రావు."

"చాలా సులువు మేడం గారూ. ముందు బొమ్మని బాగా చూడమనండి. తర్వాత ఆలోచించమనండి. ఆ తర్వాత ఏమనిపించిందో ఒక పేజీ రాయమనండి. తప్పు జవాబంటూ ఉండదండీ."

"తప్పు జవాబు లేకపోతే మార్కులెలా వేస్తామండీ?"

ఆయన కాలు నొప్పిగా ఉందని చెప్పి ఫోన్ పెట్టేశారు.

అసలు విషయం ఏంటంటే, ఆ మ్యూజియం వాళ్లు వచ్చిన ప్రతి స్కూలు నుంచీ ఒక్క పేజీ ఎంచుకుని పిల్లల పేరుతో గోడ మీద పెడతారు. ఏడాదంతా అక్కడే ఉంటుంది. మా స్కూలు వాళ్లు అలాంటి చోటికి వెళ్లడం ఇదే మొదలు. బస్సు కైకలూరు దాటి కొల్లేరు మీదుగా వెళ్తుంటే ముప్ఫై రెండు మందీ ఆ గోడ గురించే మాట్లాడుకున్నారు.

అందులో దుర్గాభవాని అని ఒక పిల్ల ఉంది. వాళ్ల నాన్నగారు రెండెకరాల్లో రొయ్యల చెరువు చేస్తారు. నా క్లాసులో ఆ పిల్ల నోరు విప్పగా నేను చూడలేదు. నేను చూస్తే చాలు, పుస్తకంలోకి చూస్తుంది. అలాంటిది ఆ రోజు తనే వచ్చి నా సీటు పక్కన నిలబడింది.

"టీచర్, గోడ మీద పెట్టింది ఎన్నాళ్లుంచుతారండీ?"

"ఏడాదంట."

"అయితే మా చెరువులో రొయ్యల పట్టుబడి అయ్యాక నాన్నని తీసుకొచ్చి చూపించొచ్చండీ. అప్పటిదాకా ఆయన గట్టు వదిలి రారండీ."

నాకు ముచ్చటేసింది. ఈ పిల్ల పేజీయే గోడ ఎక్కాలని అప్పుడే మనసులో అనుకున్నాను. తీరా ఆ పేజీకి అడ్డం పడింది కూడా నేనే.

మ్యూజియంలో మాకు అన్నీ చూపించడానికి సత్యనారాయణ గారని ఒక పెద్దాయన వచ్చారు. అంత మర్యాదస్తుణ్ని నేను ఈ మధ్య చూడలేదు. ఏమన్నా సరే "అవునండీ" అంటారు. ఆ "అవునండీ" వింటుంటే నాకెక్కడ లేని ధైర్యం వచ్చింది.

మొదటి హాల్లో పాత రాతి విగ్రహాలు. వాటి మధ్య ఒక మూల నిలువెత్తు ఆకారం, నిండా గోనెపట్టా చుట్టి కొబ్బరి తాళ్లతో అడ్డంగా నిలువుగా కట్టేసి ఉంది. ఇదేదో కొత్త రకం కళ అనుకున్నాను. పిల్లల్ని చుట్టూ నిలబెట్టాను.

"చూశారా? లోపల మనిషి ఉన్నాడు. కానీ కనపడడు. ఈ తాళ్లేంటి? మన బంధాలు. మనల్ని కట్టి పడేసేవి. అంతేనా అండీ?" అని సత్యనారాయణ గారి వైపు తిరిగాను.

"అవునండీ. గట్టిగానే కట్టారండీ" అన్నారాయన.

పిల్లలు గబగబా రాసేసుకున్నారు. ఒకడైతే ఆ ముడులు సంసారంలో కష్టాలని కూడా రాశాడు. నేను వెరీ గుడ్ పెట్టాను. ఇంతలో ఇద్దరు మనుషులు కత్తి పట్టుకుని వచ్చి, "కాస్త జరగండమ్మా" అని తాళ్లు పుటుక్కున కోసేశారు. గోనెపట్టా జారిపోయింది. లోపల వినాయకుడు. ఉదయమే ఎక్కణ్నుంచో లారీలో వచ్చాడంట, ఇంకా విప్పలేదంట.

ముప్ఫై రెండు మందీ నన్ను చూశారు. నేను సత్యనారాయణ గారిని చూశాను.

"ముందే చెప్పలేదేమండీ?"

"మీరు పిల్లలకి అంత బాగా చెప్తున్నారు కదండీ. మధ్యలో కాదంటే బాగోదండీ" అన్నారాయన, నిజంగా నొచ్చుకుంటూ.

అదిగో, అక్కడ పోయిందండీ నా బుర్ర. ఇక ఏది కళో ఏది సామానో తెలియలేదు. గోడకి మూడు ఎర్ర బకెట్లు వరసగా వేలాడుతుంటే వాటి ముందు కూడా చేతులు కట్టుకుని రెండు నిమిషాలు నిలబడ్డాను. మంటలు ఆర్పే ఇసుక అని మా పిల్లలే చెప్పారు. ఇక మీదట మామూలు సామానుకి మోసపోకూడదని గట్టిగా అనుకున్నాను.

మధ్యాహ్నం వెనకాల వరండాలో పులిహోర తిన్నాం. చేతి సంచి పిడి అక్కడే తెగింది. హాజరు పట్టీ, నీళ్ల సీసా, సగం పులిహోర మిగిలిన టిఫిన్ బాక్సు, పిల్లల పేజీల కట్ట, అన్నీ గుండెలకి హత్తుకుని రెండో హాల్లోకి వెళ్లాను. ఇది కొత్త కాలం కళాకారుల హాలు. మూడింటికి మ్యూజియం చూసుకునే మేడం వచ్చి పేజీ ఎంచుకుంటారని చెప్పారు. మా దగ్గర పనికొచ్చే పేజీ ఒక్కటి కూడా లేదు.

ఆ హాలు మధ్యలో పైనుంచి నాలుగు తాళ్లతో ఒక వల ట్రే వేలాడుతోంది. నడుమెత్తున ఉంది, ఖాళీగా. దాన్ని చూడగానే దుర్గాభవాని ముఖం వెలిగిపోయింది.

"టీచర్, చెక్ ట్రే అండీ. మా చెరువులో నాలుగున్నాయి. మేత వేసి నీళ్లలోకి దింపి, రొయ్యలు తిన్నాయో లేదో తీసి చూస్తారండీ" అంది. అని అక్కడే నేల మీద కూర్చుని రాయడం మొదలెట్టింది. ఆ పిల్ల అంత జోరుగా రాయడం లెక్కల నోట్సులో ఎప్పుడూ చూడలేదు.

నాకు అనుమానం వచ్చింది. చెరువు సామాను మ్యూజియంలో ఎందుకుంటుంది? బయట వరండా పక్కన తామర పూల తొట్టిలో చేపలున్నాయి. దానికోసం తోటమాలి తెచ్చి ఇక్కడ తగిలించి ఉంటాడు. మళ్లీ గోనెపట్టా వ్యవహారమే. ఈసారి నేను పడను.

"ఇది పనివాళ్ల సామానే కదండీ?" అని సత్యనారాయణ గారిని అడిగాను.

"అవునండీ" అన్నారాయన.

ఆయన చేత ఇంకేమైనా అనిపించగలమా? అది నాకు తట్టలేదు. దుర్గాభవాని పేజీ తెచ్చి ఇచ్చింది. చదవలేదండీ. అక్కడే ఉంది నా తప్పంతా. మొదటి లైనులో "చెక్ ట్రే" అన్న మాట చూసి, ఎర్ర పెన్ను తీసి ఈ మూల నుంచి ఆ మూలకి, ఆ మూల నుంచి ఈ మూలకి రెండు గీతలు కొట్టాను. కింద "ఇది కళాఖండం కాదు. సరిగ్గా చూసి మళ్లీ రాయి" అని రాసి, తేదీ వేసి, సంతకం పెట్టాను. చేతికి అలవాటైపోయింది, ఏం చెయ్యను.

ఆ పిల్ల పేజీ మడిచి జామెట్రీ బాక్సులో పెట్టుకుని, అవతల ఉన్న ఇత్తడి దీపం ముందు కూర్చుంది. దీపం వెలుగునిస్తుంది, నూనె పోస్తే వెలుగుతుంది, ఇలా నాలుగు లైన్లు రాసి తెచ్చింది. నేను దానికి గుడ్ పెట్టాను.

చేతులు లాగేస్తున్నాయి. ఎలాగూ సామానే కదా అని హాజరు పట్టీ, సీసా, టిఫిన్ బాక్సు తీసి ఆ ట్రేలో పెట్టేశాను. సత్యనారాయణ గారు చూస్తూనే ఉన్నారు. దుర్గాభవాని మాత్రం మెల్లిగా, "టీచర్, ట్రేలో మేత మిగిలితే మంచిది కాదండీ" అంది. పులిహోర గురించి అంటోందని నాకు అర్థం కాలేదు.

పిల్లల్ని బాత్రూములకి తీసుకెళ్లి తిరిగొచ్చేసరికి హాలు నిండిపోయింది. తాడేపల్లిగూడెం నుంచి ఇంకో స్కూలు వచ్చింది. నలభై మంది నా టిఫిన్ బాక్సు చుట్టూ కూర్చుని రాస్తున్నారు. వాళ్ల మాస్టారు ఎంతో నెమ్మదిగా వివరిస్తున్నారు.

"గమనించండి నాన్నా. వలలో చిక్కుకున్నదేంటి? చదువు. పక్కనే అన్నం. తినడానికి కూడా తీరిక లేదు. హాజరు పట్టీ మీద ఒక స్కూలు పేరు కూడా రాశారు చూశారా, ఎంత సహజంగా ఉందో."

వెళ్లి తీసేసుకుందామంటే నలభై మందినీ దాటుకుని వెళ్లాలి. మా పిల్లలు నోళ్లు మూసుకుని నవ్వు ఆపుకుంటున్నారు. ఒక పిల్లవాడు మూత సందులోంచి కనపడుతున్న పసుపు మెతుకుల రంగు దేనికి గుర్తని అడిగాడు. ఆశకి గుర్తన్నారు మాస్టారు. నిజానికి అందులో నిమ్మకాయ కాస్త ఎక్కువైంది.

సరిగ్గా అప్పుడు మ్యూజియం మేడం వచ్చారు. ట్రే వైపు చూసి ఆగిపోయారు. "ఇందులో ఇవన్నీ ఎవరు పెట్టారు సత్యనారాయణ గారూ?"

ఆయన నా వైపు చూడలేదు. ఫ్యాను వైపు చూశారు. "తెలీదండీ" అన్నారు. అప్పుడే మొదటిసారి ఆయన నోట "అవునండీ" కాకుండా వేరే మాట విన్నాను. అదీ నన్ను కాపాడ్డానికి.

"మీరిక్కడే ఉన్నారు కదా, చూడాల్సింది మీరే కదా" అని ఆవిడ గొంతు పెంచారు. పాపం, ఆ వయసులో పిల్లలందరి ముందూ ఆయన తల వంచుకున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. హాజరు పట్టీ మీద మా స్కూలు పేరు ఎలాగూ ఉంది. ముందుకెళ్లాను.

"నేనేనండీ. పనివాళ్ల సామాననుకుని పెట్టేశాను. ఆయన తప్పేమీ లేదండీ."

తాడేపల్లిగూడెం మాస్టారు తన పుస్తకం మూసేశారు. మేడం సత్యనారాయణ గారి కుర్చీ పక్కకి జరిపారు. దాని వెనక గోడ మీద చిన్న కార్డు ఉంది. 'మంచి కబురు. ఇనుము, వల, తాడు.'

"కొల్లేరు పక్క ఊరి అమ్మాయి చేసిందండీ ఇది. ఖాళీ ట్రేకి ఆ పేరెందుకో ఇంతవరకు వచ్చిన స్కూళ్లలో ఎవరూ చెప్పలేదు. అందరూ ఆకలి అంటారు, పేదరికం అంటారు" అన్నారు మేడం.

నేను దుర్గాభవాని వైపు చూశాను. ఆ పిల్ల పుస్తకంలోకి చూద్దామంటే చేతిలో పుస్తకం లేదు. "ఆ పేజీ ఇవ్వమ్మా" అన్నాను. జామెట్రీ బాక్సు తెరిచి ఇచ్చింది. నా ఎర్ర గీతల సందుల్లోంచి మేడం పైకే చదివారు.

'ఇది చెక్ ట్రే. దీన్ని పైకి లాగేటప్పుడు మా నాన్న మాట్లాడడు. మేమూ మాట్లాడం. అందులో మేత మిగిలితే రొయ్యలకి బాగోలేదని. ఆ పూట ఇంట్లో ఎవరూ సరిగ్గా అన్నం తినరు. ఖాళీగా వస్తే మొత్తం తినేశాయమ్మా అని నాన్న గట్టు మీంచే అరుస్తాడు. ఇక్కడ ఎవరో ఇప్పుడే ట్రే పైకి లాగారు. ఖాళీగా ఉంది. వాళ్లింట్లో ఇవాళ అందరూ నవ్వుతున్నారు.'

నాకు కళ్లు చెమర్చాయి. సిగ్గుతోనో, ఆ పిల్ల రాసిన దానికో ఇప్పటికీ చెప్పలేను.

"ఇదే పెడతాం" అన్నారు మేడం.

"ఫెయిర్ చేసి ఇమ్మంటానండీ, ఐదు నిమిషాలు" అని నేను గబుక్కున చెయ్యి చాపాను.

ఆవిడ పేజీ వెనక్కి లాక్కున్నారు. "వద్దండీ. ఉన్నది ఉన్నట్టు పెడతాం. టీచర్ గారు కొట్టేసిన పేజీ అని పిల్లలకి తెలియాలి కదా" అన్నారు నవ్వుతూ. బతిమాలాను. దుర్గాభవాని కూడా "మళ్లీ రాసిస్తానండీ" అంది. ఆవిడ వినలేదు. ఆ సాయంత్రమే గాజు వేసి బిగించేశారు.

నిన్న మ్యూజియంకి ఫోన్ చేశాను. ఎంతమంది చూస్తున్నారో తెలుసుకుందామని. సత్యనారాయణ గారే ఎత్తారు.

"చాలామంది చూస్తున్నారండీ టీచర్ గారూ. ఆదివారం మీ దుర్గాభవాని వాళ్ల నాన్నగారు కూడా వచ్చారండీ. పట్టుబడి బాగా అయిందంటండీ. చాలాసేపు నిలబడి చదువుకున్నారండీ."

"పోనీలెండి. ఆ ఎర్ర గీతల గురించి ఎవరూ అడగట్లేదు కదండీ?"

"అడుగుతున్నారండీ. అందరూ ముందు అదే అడుగుతున్నారండీ. ఆ రెండు గీతలకీ సంతకానికీ అర్థం ఏంటని."

"మీరేం చెప్తున్నారండీ?"

"పంజరమని కొందరంటున్నారండీ, చెరువు గట్లని కొందరంటున్నారండీ" అన్నారాయన. "నేను అందరికీ అవునండీ అంటున్నానండీ."