కంప్యూటర్‌లో కట్టిన కార్డు బాకీ

ఒక మనిషి తన ఇంట్లో కుర్చీలోంచి లేవకుండా, ఒక్క వేలితో, మొదటి షిఫ్టు బాయినంతా తీసుకెళ్లి బ్యాంకు ముందు నిలబెట్టగలడా? నేను నిలబెట్టాను. బాయి అంటే నీళ్ల బావి కాదండీ, బొగ్గు గని. గోదావరిఖనిలో మేమంతే అంటాం.

తెలంగాణ రావడానికి ఏడెనిమిదేళ్ల ముందు సంగతి. నేను భూమి లోపల ఎలక్ట్రీషియన్‌ని. నెలనెలా జీతం పడే మనిషినని బ్యాంకువాళ్లు నాకో క్రెడిట్ కార్డు అంటగట్టారు. అది గీకి కంప్యూటర్ కొన్నాను. అమ్మినతను ఇంటి లెక్కలు రాసుకునే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉచితంగా వేసిచ్చాడు. అందులో బ్యాంకు ఒక పక్క, కార్డు ఒక పక్క, అంకెలు నేనే ఎక్కించాను. కార్డు కింద ఎర్రగా ఇరవై వేల బాకీ, పక్కనే బిల్లు కట్టే బటన్. నొక్కాను. బాకీ సున్నా అయింది, బ్యాంకు పక్క ఇరవై వేలు తగ్గాయి. ఇంత సుఖం ఉందని తెలియక మా తాతలు ఎన్ని కష్టాలు పడ్డారో అనుకున్నాను.

నవ్వే ముందు మా సంగతి కూడా వినాలి. గనుల్లో పనిచేసేవాడు చేత్తో బాకీ కట్టి ఎరగడు. పండుగ అడ్వాన్సు, ఇంటి లోను, యూనియన్ చందా, ఏదైనా సరే, కాగితం మీద రాసిస్తే చాలు, జీతం చీటీలో అదే కట్ అయి వస్తుంది. మా నాన్నకూ అంతే, మా మామకూ అంతే. కాగితం మీద రాస్తేనే కట్ అవుతుంటే కంప్యూటర్‌లో రాస్తే కాదా? తర్వాత కార్డు మీద కొన్నవాటికి కూడా అలాగే నొక్కుతూ పోయాను, ఐదు నెలలు. కార్డువాళ్ల కవర్లు వస్తే రసీదులనుకుని విప్పకుండా దాచాను. ఫోన్లు వస్తే ఇంకో కార్డు అమ్ముతున్నారనుకుని పెట్టేశాను.

ఇంట్లో మాత్రం ఒకటే పోరు, వాషింగ్ మెషిన్. నా డ్యూటీ బట్టల మసి వదిలించి వదిలించి మా ఆవిడ సుగుణ అరచేతులు పగిలిపోయాయి. కూరలో చెయ్యి పెడితే మంట. "ఎప్పుడు కొంటవు?" అని ఆమె అడిగినప్పుడల్లా నేను కంప్యూటర్ తెరిచి, "నాలుగు వేలే ఉన్నయి" అనేవాణ్ని.

ఒకనాడు పాస్‌బుక్ అచ్చు వేయించాను. చివరి అంకె ముప్పై రెండు వేలు. పై వరుసలు చదివే అలవాటు మా వంశంలోనే లేదు. కొత్త వేతన ఒప్పందం తాలూకు ఎరియర్స్ ఎప్పుడు పడతాయా అని బాయంతా కళ్లు కాయలు కాచేలా చూస్తున్న రోజులవి.

"సుగుణా, ఎరియర్స్ పడ్డయి."

"మంచిగ చూసినవా?"

"కంప్యూటర్ లెక్కకన్న ఇరవై ఎనిమిది వేలు ఎక్కువున్నయి. ఇంకెక్కడి పైసలు అవి?"

ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, పైసా పడకముందే పదమూడు వేల మెషిన్ ఇంట్లో దిగింది. సుగుణ దాని మూత మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడింది.

మర్నాడు మొదటి షిఫ్టులో, దీపాలిచ్చే గది దగ్గర, నాతో జోడీగా పనిచేసే రాజన్న చెవిలో మాట వేశాను. "అన్నా, ఎరియర్స్ పడ్డయి. ఎవ్వలకు చెప్పకు." మా బాయిలో ఎవ్వలకు చెప్పకు అనడమంటే మైకు పెట్టి చెప్పడమే. షిఫ్టు దిగేసరికి రెండు వందల మంది మసి మొహాలు కూడా కడుక్కోకుండా బ్యాంకులో ఉన్నారు. కమాన్‌పూర్ మల్లేశ్ అయితే అప్పటికే మేకకు బయానా ఇచ్చి వచ్చాడు.

పాస్‌బుక్‌లు ఒక్కొక్కటే అచ్చవుతున్నాయి. ఎవరికీ ఏమీ పడలేదు. అందరూ నా వైపు తిరిగారు.

"నీకొక్కనికే పడ్డయా తమ్మీ? ఎవ్వలను పట్టుకున్నవు?" అన్నాడు రాజన్న.

కౌంటర్‌లో ఉన్నాయన నా పాస్‌బుక్ తీసుకుని పేజీలు తిప్పాడు. "మీకు జీతం తప్ప ఏం పడలే. కాకపోతే, మీరు చేత్తో తీసుకున్నయి తప్ప బయటికి గుడ ఏం పోలే."

"పోలేదా? కార్డు బిల్లు ఐదు నెలల సంది కడుతున్న గద సార్."

"ఎక్కడ కట్టిండ్రు?"

"కంప్యూటర్ల."

"ఏ కంప్యూటర్ల?"

"మా ఇంట్లదే."

"దానికి ఇంటర్నెట్ ఉన్నదా?"

"లేదు సార్. కరెంటు ఉన్నది."

ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. కార్డువాళ్లకు ఫోన్ చేసి కనుక్కుని చెప్పాడు: వడ్డీలు, జరిమానాలతో ముప్పై ఆరు వేలు. నా ఖాతాలో మిగిలింది పంతొమ్మిది వేలు. ఐదు నెలలుగా నేను బాకీ తీర్చలేదు, తీర్చినట్టు ఆడుకున్నాను.

"మా ఎరియర్స్ గుడ ఆ కంప్యూటర్లనే ఏసుకుంటివా తమ్మీ?" అన్నాడు రాజన్న. అప్పుడు మొదలైన నవ్వు బస్టాండు దాకా వినిపించి ఉంటుంది. మల్లేశ్ ఒక్కడు నవ్వలేదు. మేక బయానా నా జేబులోంచి వసూలు చేసుకున్నాకే కదిలాడు.

షాపువాడు వెయ్యి కోసుకుని మెషిన్ వెనక్కి తీసుకున్నాడు. వ్యాన్ ఎక్కిస్తుంటే సుగుణ గడపలోనే నిలబడింది. తిట్టి ఉంటే బాగుండేది. వ్యాన్ మలుపు తిరిగాక, నా డ్యూటీ బట్టల బకెట్ తెచ్చి నా కాళ్ల ముందు పెట్టింది.

"రేపు పిండుత తియ్, ఇయ్యాల పానం మంచిగ లేదు" అన్నాను.

"ఫికర్ చెయ్యకు. ఉతికిన అని కంప్యూటర్ల రాసుకో. తెల్లగైతయేమో చూద్దాం."

ఏడాదిన్నర ఉతికాను. కాబట్టి పగిలిన నా రెండు అరచేతుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇక ముందు నేను కట్టే ప్రతి బాకీ నా చేతిలోంచి కదిలి, అవతలివాడి చేతిలో పడి, వాడు ఉమ్మి తడి చేసుకుని రెండుసార్లు లెక్కపెట్టుకున్నాక గానీ కీబోర్డు ముట్టను.